తోసేదెవరు

ఇనుము మీద సుత్తి రెండుసార్లు మోగింది. టంగ్, టంగ్.

ఆమె చేతిలో సగం తోమిన గిన్నె ఉంది. దాన్ని నురగతో సహా తొట్టిలో వదిలేసి, నడుముకు దోపుకున్న గుడ్డకు చేతులు తుడుచుకుంటూ పెరటి గుమ్మం దాటింది. రెండు దెబ్బలంటే రమ్మని. పేరు పెట్టి పిలవడం ఆమె భర్తకు బద్ధకం. కోత మిషను ఇనుప కాలి మీద కొడితే వంటింట్లోకి వినపడుతుందని కనిపెట్టిన రోజు ఆయన ఎంతో సంతోషించాడు. "చూశావా, గంట కొనే పని తప్పింది" అన్నాడు. అప్పటికి పెళ్లి కొత్త. ఆమె కూడా నవ్వింది. ఇన్నేళ్లలో మూడో దెబ్బ కొట్టాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

పెరట్లో ఆయన వడ్రంగం చేసే షెడ్డు నిజానికి అందుకోసం కట్టింది కాదు, కారు కోసం కట్టింది. కారు బావగారిది, అంటే ఆయన అన్నగారిది. షెడ్డూ బావగారిదే. రాత్రి అందులో కారు ఉంటుంది, పగలు తమ్ముడు పని చేసుకుంటాడు. అన్నదమ్ములిద్దరూ అలా అనుకున్నారు. వాళ్లు అనుకున్న దాంట్లో ఆమె ప్రసక్తి లేదు. కానీ పొద్దున కారు బయటికి వెళ్లగానే గోడలకు ఆనించిన మూడు మిషన్లనూ మధ్యకు లాగాలి. సాయంత్రం కారు వచ్చేలోపు మళ్లీ గోడలకు నెట్టాలి. ఒకటి కోత మిషను, ఒకటి చిత్రిక పట్టే మిషను, ఇంకొకటి మనిషి కంటే ఎత్తుగా నిలబడి, పళ్లున్న ఇనుప పట్టీ తిరుగుతూ కోసే పట్టీ రంపం. బావగారు ఒకరోజు పెందలాడే బయల్దేరతాడు, ఒకరోజు తాపీగా పేపరంతా చదివి బయల్దేరతాడు. ఆ ఇంట్లో ఆమెకు తెల్లవారేది సూర్యుణ్ని బట్టి కాదు, ఆ కారును బట్టి.

భర్త ముందుండి లాగుతాడు. ఆమె వెనకుండి తోస్తుంది. లాగేవాడికి దారి కనపడుతుంది. తోసేవాళ్లకు ఇనుము తప్ప ఏమీ కనపడదు.

మిషన్ల కింద ఉన్న చట్రాలు ఆయన మిగిలిన చెక్కతో చేసినవి. నాలుగు మూలలా నాలుగు చిన్న చక్రాలు. నాలుగూ ఎటు పడితే అటు తిరిగేవే. కారు కడిగిన నీళ్లు పోవడానికి బావగారు నేలను గుమ్మం వైపు వాలుగా పోయించాడు. మధ్యలో అడ్డంగా సన్నటి కాలువ తీయించి, దాని మీద ఇనుప జాలీ వేయించాడు. వాలులో చట్రం దాని ఇష్టం వచ్చినట్టు పక్కకు జారుతుంది. జాలీ దగ్గరకు రాగానే ఏదో ఒక చక్రం సందులో దిగుతుంది. అప్పుడు ఆయన "ఊఁ!" అంటాడు. ఆ ఊఁకి ఆమె వంగాలి, భుజం ఆనించాలి, ఎత్తి తోయాలి. ఇరుగింటావిడ ఒకసారి గోడ మీదుగా చూసి, "మీ ఇద్దరూ భలే కలిసి పని చేసుకుంటారమ్మా, ముచ్చటేస్తుంది" అంది. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఆమె ముచ్చటకు ఈమె నడుమేం తెలుస్తుంది?

నడుము ఒక్కటే అయితే ఆమె ఓర్చుకునేది. చెవుల సంగతి అలా కాదు. అవి ఎప్పుడూ షెడ్డు వైపే పడి ఉండేవి. స్నానం చేస్తున్నా, పాలు పొంగుతున్నా, రెండు నిమిషాలు కాళ్లు చాపుకుని కూర్చున్నా ఆ దెబ్బలు ఇప్పుడు పడతాయేమో, ఇప్పుడు పడతాయేమో అని. ఏ పనీ మొదటి నుంచి చివరి దాకా చేసిన జ్ఞాపకం ఆమెకు లేదు. అన్నీ సగం తోమిన గిన్నెలే. ఒకసారి బస్టాపులో ఎవరో ఇనుప స్తంభం మీద తాళంచెవితో రెండుసార్లు తట్టారు. ఆమె లేచి నిలబడింది. లేచాక ఎక్కడికి వెళ్లాలో తెలియక, మళ్లీ కూర్చుంటే నవ్వుతారని, వచ్చిన బస్సు ఎక్కేసింది. అది ఆమె ఎక్కాల్సిన బస్సు కాదు. ఇంటికొచ్చి ఆలస్యమెందుకైందో చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్తగారికి చెప్పి మళ్లీ నవ్వాడు. దాన్ని ఆయన ఇప్పటికీ చుట్టాల్లో చెబుతుంటాడు.

పట్టీ రంపం ఒరిగింది ఒక సాయంత్రం. కారు వీధి మలుపులోకి వచ్చిందని ఆయన తొందరపెట్టాడు. జాలీ మీదకు రాగానే వెనక చక్రం సందులో దిగి, ఆ ఇనుప మనిషి మొత్తం వెనక్కి, ఆమె మీదికి వచ్చింది. ఆమె భుజం అడ్డం పెట్టింది. పెట్టాలని పెట్టలేదు. తప్పుకోవడానికి ఒళ్లు అలవాటు పడలేదు, అంతే.

"వదలకు! వదిలితే రంపం పోతుంది!" అని ఆయన అరిచాడు.

ఆమె వదల్లేదు. ఆయన చుట్టూ తిరిగి వచ్చి నిలబెట్టేసరికి చట్రం మూల ఆమె ఎడమ కాలి బొటనవేలి మీద దిగి ఉంది. ఆయన ముందు పట్టీని వేలితో మీటి చూశాడు. చక్రం చూశాడు. బల్ల చూశాడు. "అమ్మయ్య, తెగలేదు" అన్నాడు. ఆ తర్వాత, "నీకేం కాలేదుగా?" అన్నాడు. అడిగాడు కదా, అడగలేదని ఎవరూ అనలేరు. కాకపోతే ఆమె ఆ రెండు మాటలనూ వరుసలో గుర్తు పెట్టుకుంది.

బావగారు కారు దిగి వచ్చి, "నేల మీద గీత పడిందిరా, కాస్త చూసుకోండి" అన్నాడు. అత్తగారు వేలికి తడిగుడ్డ చుడుతూ, "ఇనుముకు ఎదురెళ్తారా ఎవరైనా? మీ మావగారు బతికున్నన్నాళ్లూ కొలిమి తిత్తి నేనే లాగాను. ఒక్కనాడన్నా వేలు కాల్చుకున్నానా? ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి" అంది. అత్తగారి కుడి భుజం ఎడమ దానికంటే కిందికి ఉంటుంది. ఆ సంగతి ఆవిడకు తెలుసో లేదో కోడలు ఎప్పుడూ అడగలేదు.

గోరు నల్లబడింది. మర్నాడు పొద్దున టంగ్, టంగ్ మని వినపడగానే ఆమె కుంటుతూ వెళ్లింది.

ఆ వారంలోనే లక్కావిడ వచ్చింది. పాత సామాను పాలిష్ పట్టే కొట్టు ఆవిడది. వేళ్లు ఎప్పుడూ లక్క రంగులో ఉంటాయి కాబట్టి ఊరంతా ఆవిడను అలాగే పిలుస్తారు. ఎవరింట్లోనో వీళ్లు చేసిన భోజనాల బల్ల చూసి, ఆ పాలిష్ ఎవరు పట్టారో కనుక్కుందామని వచ్చింది.

"మా షెడ్డు పనేనండీ" అన్నాడు ఆయన, ఛాతీ కొద్దిగా ముందుకు పెట్టి.

లక్కావిడ ఆయన చేతివేళ్లు చూసింది. గోళ్లలో రంపపు పొట్టు ఉంది. మంచినీళ్లు తెచ్చిన ఆమె వేళ్లు చూసింది, వాటికీ లక్క రంగే. తర్వాత ఆయనతో ఇంకేమీ మాట్లాడలేదు. నీళ్లు తాగి, గ్లాసు ఇస్తూ, గుమ్మం దాకా ఆమెను వెంటబెట్టుకుని నడిచింది.

"నా దగ్గరికి రా. పొద్దున్నే రావాలి. వీధిలో దుమ్ము లేవకముందే మొదటి పూత పడిపోవాలి, నీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోవచ్చు. నువ్వు అరచేత్తో రుద్దుతావు కదూ, గుడ్డతో కాదు?"

"అవును."

"తెలిసింది. సోమవారం లోపు చెప్పు. ఆ తర్వాత ఇంకొకళ్లని చూసుకుంటాను. మొహమాటం లేదు నాకు."

అరచేత్తో రుద్దుతావు కదూ. ఆ మాట ఆమెలో ఇంకో చోట మోగింది. కుర్చీలకు, బల్లలకు, మంచాలకు గరుకు కాగితం పట్టి, పూత పూసి, ఆరాక మళ్లీ రుద్ది, మళ్లీ పూసి, చెక్కలోని గీతలు నీళ్లలో కనపడినట్టు పైకి తేలేదాకా ఆమె ఎన్ని మధ్యాహ్నాలు ఆ షెడ్డులో మోకాళ్ల మీద కూర్చుందో ఆమెకే తెలియదు. ఆ పనిని ఆయన పని అనడు. "చివర్లో కాస్త తుడిచి పెట్టు" అంటాడు. కొనేవాళ్లు వచ్చి చేత్తో తడిమి, అద్దంలా ఉందండీ అంటే, "మన చేతి పని అలాగే ఉంటుంది" అంటాడు. ఆ మన అనే మాటలో తనుందా లేదా అని ఆమె మొదట్లో వెతుక్కునేది. తర్వాత మానేసింది. ఇప్పుడు బయటి మనిషి ఒకావిడ నడిచి వచ్చి, ఆ చెయ్యి ఎవరిదో వేళ్లు చూసి పోల్చుకుని వెళ్లిపోయింది. ఆమెకు ఆరోజు ఏ పనీ సాగలేదు. కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే గుమ్మం దాకా వెళ్లాలనిపించింది. గుమ్మంలో నిలబడితే చెవులు మళ్లీ వెనక్కి లాగాయి.

భర్తతో చెప్పింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుంటే ఆమెకు కొంత సుఖంగా ఉండేది.

"వెళ్తే వెళ్లు. నేనేమన్నా వద్దన్నానా? పొద్దున మిషన్లు లాగేసి వెళ్లు."

"బావగారి కారు ఎప్పుడు వెళ్తుందో ఏం తెలుస్తుంది? అక్కడ పొద్దున్నే ఉండాలి."

"అయితే అన్నయ్యను నీ టైముకు లెగమని చెప్పమంటావా?"

"మీరొక్కరూ లాగలేరా?"

"ఒక్కణ్ణి లాగడానికి అవేమన్నా మేకపిల్లలా?" అని నవ్వాడు.

నిజమే, ఒక్కడు లాగలేడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంత నిజం మీద ఇన్నేళ్లు కూర్చున్న మనిషి దాని మీంచి ఎందుకు లేస్తాడు? కానీ ఆ మాటతో ఆమెకు ఒక సంగతి స్పష్టమైంది. తనను ఆ ఇంటికి కట్టేసింది భర్త కాదు, అత్త కాదు, మిషన్ల కింద ఉన్న ఆ చెక్క చట్రాలు. వాటిని మారిస్తే పొద్దున తనది అవుతుంది. కనీసం ఆమె అలా అనుకుంది.

పట్టీ రంపం ఒరిగిన భయం ఆయనకూ ఉంది, రంపం గురించి. అందుకే మంచి ఇనుప చట్రాలు కొందామన్నాడు. టేపు పట్టుకోవడానికి మనిషి కావాలని ఆమెను కూడా ఇనుప సామాను కొట్టుకు తీసుకెళ్లాడు.

కొట్టతను లావుపాటి మనిషి, కూర్చున్న చోటి నుంచి లేవడు. ఏ వస్తువైనా వేలితో చూపిస్తాడు. "బరువు సంగతి తర్వాత" అన్నాడు. "మిషను ఎత్తెంత, అడుగు వెడల్పెంత అది చెప్పండి. పొడుగ్గా ఉండి పైన బరువున్న దానికి చట్రం అడుగు కంటే వెడల్పుగా ఉండాలి. చక్రాలు కింద దాక్కోకూడదు, బయటికి చాచుకుని ఉండాలి. లేకపోతే ఒరుగుతుంది."

"ఒరిగింది" అంది ఆమె.

ఇద్దరూ ఆమె వైపు ఒకసారి చూసి, మళ్లీ చక్రాల వైపు తిరిగారు.

కొట్టతను రెండు రకాలు చూపించాడు. మొదటిది లావుపాటి ఇనుప చట్రం. నాలుగు పెద్ద చక్రాలు, నాలుగూ తిరిగేవి, ఒక్కోదానికి బ్రేకు. "దిట్టం. పదేళ్లయినా కదలదు. కాకపోతే బ్రేకు వేసినా కోసేటప్పుడు కాస్త వణుకుతుంది. కాబట్టి మిషను నిలిపాక నాలుగు మూలల్లో ఈ మరలు దించి నేలకు ఆనించాలి. ఒకరు గడ్డపారతో ఎత్తిపట్టాలి, ఒకరు మర తిప్పాలి." రెండోది చూడటానికి బక్కగా ఉంది. "దీనికి వెనక రెండు చక్రాలు తిన్నగా పోతాయి, పక్కకు తిరగవు. ముందు తిరిగేది ఒక్కటే. అది ఈ పెడలు మీద ఉంటుంది. కాలితో నొక్కితే మిషను ఇంత ఎత్తు లేస్తుంది, తోసుకుపోవచ్చు. కావాల్సిన చోట పెడలు ఇంకోసారి తడితే దిగి తన కాళ్ల మీద తను నిలబడుతుంది. వాలు నేల మీద కూడా పక్కకు జారదు. ఒక్క మనిషి చాలు."

"ధర?"

"రెండూ అటూఇటుగా ఒకటే. ఇంతకీ తోసేదెవరు?"

"ఇంట్లో మనిషి ఉందిలెండి" అన్నాడు ఆయన.

కొట్టతను ఆ మనిషి ఎవరా అని వెతకలేదు. టేపు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది కదా. "మనిషుంటే ఇంకేం" అన్నాడు.

"ఆ పెడలుది జాలీ దాటుతుందేమోనండీ" అంది ఆమె.

"నువ్వాగు. పెడలేంటి, కుట్టు మిషనా?" అని ఆయన కొట్టతన్ని చూసి కన్ను గీటాడు. "కాలితో తొక్కడం, అది లేవడం... చేతగానివాళ్లు వాడేది. మాకు దిట్టమైందే కావాలి. ఇద్దరం ఉన్నాం, ఏం భయం?"

కొట్టతను నవ్వాడు. నవ్వకపోతే బేరం పోతుంది. అడుగు కొలతలు సరిగ్గా తెచ్చిస్తే చట్రాలు సర్ది పంపిస్తానన్నాడు.

దారంతా ఆమె ఒక అడుగు ముందు నడిచింది. ఎప్పుడూ వెనక నడిచేది. కుంటుతున్న కాలితోనే ముందు నడిచింది. ఆగలేకపోయింది. ఇంట్లో మనిషి. పనిమనిషి అన్నా బాగుండేది, పనిమనిషికి జీతం ఉంటుంది, ఒంట్లో బాగాలేకపోతే రాను అని కబురు పంపే హక్కు ఉంటుంది, పొసగకపోతే మానేసి ఇంకో ఇల్లు చూసుకుంటుంది. మా ఆవిడ అన్నా సరే, కోపం వస్తే వచ్చేది. ఇంట్లో మనిషి అంటే ఏమిటి? ఇంట్లో గడ్డపార ఉంది, ఇంట్లో నిచ్చెన ఉంది, ఇంట్లో మనిషి ఉంది. పిల్లలు పుట్టనప్పుడు అత్తగారు ఇంట్లో మనుషులు పెరగాలి కదా అని నిట్టూర్చింది. అప్పుడు ఆమె మనుషుల లెక్కలోకి రాలేదు. మిషన్లు తోసేటప్పుడు మాత్రం వచ్చింది. ఇద్దరం ఉన్నాం అన్నాడు. ఎవరా ఇద్దరు? ఒకడు దిట్టమైనది ఎంచుకునేవాడు. ఇంకొకతె దాని కింద గడ్డపార పెట్టి ఎత్తిపట్టేది. ఆ ఇద్దరినీ ఒక్క మాటలో కలిపి ఇద్దరం అంటే అది లెక్కకు సరిపోతుంది, న్యాయానికి సరిపోదు.

"ఎందుకా పరుగు? బండి తప్పిపోతోందా?" అన్నాడు ఆయన వెనక నుంచి.

మర్నాడు శనివారం. ఆయనకు తలుపుల కోత పని తగిలింది. "కొలతలు నువ్వే తీసుకెళ్లి ఇచ్చిరా. నిన్న చూశాంగా, ఆ రకమే అని చెప్పు" అన్నాడు. ఆమెను నమ్మి పంపలేదు. నమ్మడం, నమ్మకపోవడం అనే ఆలోచనే ఆయనకు రాలేదు. సుత్తిని పంపేవాడు అది వేరే దారి పడుతుందని అనుకుంటాడా? ఆయన చేసిన పొరపాటు అదొక్కటే. ఇన్నేళ్లలో అలాంటి పొరపాటు ఆయన ఎప్పుడూ చేయలేదు.

ఆమె నేల మీద బోర్లా పడుకుని మూడు మిషన్ల అడుగులూ కొలిచింది. జాలీ సందు కొలిచింది. దాన్ని కొలవమని ఎవరూ చెప్పలేదు.

కొట్టతను కొలతలు విని, "నాలుగు తిరిగే చక్రాలది కదూ?" అన్నాడు.

"కాదు. పెడలుది. మూడూ అవే. చక్రాలు ఈ సందులో దిగనంత పెద్దవి కావాలి" అని వేళ్లతో చూపించింది.

"నిన్న ఆయన అది వద్దన్నారే. ఎవరు మార్చారు?"

"తోసేవాళ్లు మార్చారు."

కొట్టతను ఆమెను అప్పుడు చూశాడు. మొదటిసారి కూర్చున్న చోటి నుంచి లేచాడు కూడా, అదీ పెడలు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికే. "సరేనమ్మా" అన్నాడు.

తిరిగి వస్తూ ఆమె లక్కావిడ కొట్టు ముందు ఆగింది. లోపలికి వెళ్లలేదు. గుమ్మంలోంచే, "సోమవారం వస్తానండీ" అంది. లక్కావిడ గుడ్డ పిండుతూ తలెత్తకుండానే "ఊఁ" అంది. ఆ ఊఁలో ఆమె వంగి ఎత్తాల్సింది ఏమీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం చట్రాలు వచ్చాయి. బండి వెళ్లిపోయాక ఆయన అట్టపెట్టెలు చింపి చూసి, మొహం ఎర్రగా చేసుకున్నాడు.

"ఏంటిది? ఆ లావుగాడు తప్పుగా పంపాడు."

"తప్పు పంపలేదు. నేనే మార్చాను."

"నువ్వా? నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

ఆయన తిట్టాడు. ఆయన తిట్లలో కొత్తవి ఏమీ లేవు. అత్తగారు లోపలి నుంచి, "మొగాడి సరుకులో వేలు పెడితే ఇలాగే ఉంటుంది" అని తన వంతు కలిపింది. ఆమె వెళ్లి గిన్నెలు తోమింది. రేపు సోమవారం. ఆయన వాటిని తిప్పి పంపిస్తే? పంపడు, ఆయన చేతుల సంగతి ఆమెకు తెలుసు. కొత్త ఇనుము ఎదురుగా ఉంటే అవి ఊరుకోవు. అనుకున్నట్టే కాసేపటికి రెంచి చప్పుడు వినపడింది. తర్వాత పెడలు టక్కుమన్న చప్పుడు. మళ్లీ టక్కు. ఆ తర్వాత ఆయన ఈల. మూడు మిషన్లూ చట్రాలెక్కాయి. ఆ సాయంత్రం వాటిని గోడలకు నెట్టడానికి ఆయన ఎవరినీ పిలవలేదు. ఆడుకునే పిల్లాడిలా ఒక్కడే అటూ ఇటూ తోసుకున్నాడు.

ఆమె తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. అయిపోయింది అనుకుంది. ఆయన ఒక్కడే తోయగలడు, తోస్తున్నాడు. రేపు నేను వెళ్లొచ్చు. అంత తేలికా? ఇన్నేళ్ల కట్టు ఒక పెడలుతో ఊడిపోతుందా? ఆమెకు నవ్వు వచ్చింది. చేతిలోని గిన్నెను పూర్తిగా తోమింది. తోమిన గిన్నెను బోర్లించి, దాన్ని చూస్తూ నిలబడింది.

టంగ్, టంగ్.

ఆమె కాళ్లు ఆమెకంటే ముందే గుమ్మం దాటాయి.

షెడ్డు ముందు కారు ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. బావగారు స్టీరింగు దగ్గర కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూస్తున్నాడు. అత్తగారు అరుగు మీద ఉంది. భర్త సుత్తి చేతిలో పట్టుకుని వెలిగిపోతున్నాడు.

"ఏరి ఏరి తెచ్చాను అన్నయ్యా. ఆ లావుగాడు దిట్టంవి అంటగట్టబోయాడు, నేను పడనిస్తానా? ఆడమనిషి ఒంటిచేత్తో తోసేయొచ్చు. ఇక నాకు ఆ గోల తప్పింది. పొద్దున నువ్వెళ్లగానే తనే లాగి పెట్టేస్తుంది, నేను తీరిగ్గా లేచి వస్తాను. సాయంత్రం తనే నెట్టేస్తుంది. ఒక్క మనిషి చాలు." ఆమె వైపు తిరిగి, "ఏదీ, అన్నయ్యకి తోసి చూపించు" అన్నాడు.

ఆమె కదల్లేదు. ఒక్క మనిషి చాలు అని కొట్టతను అన్నప్పుడు ఆమె విన్నది ఒకటి. ఈయన విన్నది ఒకటి. ఆ ఒక్క మనిషి ఎవరో ఆమె తేల్చుకోలేదు. ఆయనకు తేల్చుకోవాల్సిన పనే లేదు. ఇద్దరు తోసేదైతే ఇద్దరిలో ఆమె ఒకతె. ఒక్కరు తోసేదైతే ఆ ఒక్కతె ఆమె. చక్రాలు మార్చినంత మాత్రాన ఏమీ మారలేదు. ఇన్నాళ్లు సగం బరువు ఆయన లాగేవాడు, ఇప్పుడు ఆ సగం కూడా ఆమెకు వచ్చింది. తనే కొని తెచ్చుకుంది.

"సిగ్గెందుకు? తోయి" అన్నాడు బావగారు, కారులోంచి.

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. పట్టీ రంపం వెనక నిలబడి, నల్లబడిన వేలున్న ఆ కాలితోనే పెడలు నొక్కింది. టక్కుమని అది లేచింది. ఒక చెయ్యి ఆనించింది. ఆ ఇనుప మనిషి ఒరగలేదు, పక్కకు జారలేదు. జాలీ మీద చక్రాలు గడగడమని దాటి వచ్చేశాయి. షెడ్డు మధ్యలో, సరిగ్గా కారు ఆగే చోట, ఆమె పెడలు మళ్లీ తట్టింది. మిషను కిందికి దిగి తన కాళ్ల మీద నిలబడింది.

"అద్దీ!" అన్నాడు భర్త. "చూశావా అన్నయ్యా? ఇక వెనక్కి నెట్టేయ్, కారు పెట్టుకోవాలి."

ఆమె చేతులు తుడుచుకుంది.

"లేపడం చూశారు. దించడం చూశారు. ఇందాక మీరే తోసుకున్నారు కూడా. ఒక్క మనిషి చాలు. ఆ మనిషి మీరు."

"ఏంటి?"

"రేపటి నుంచి పొద్దున నేను లక్కావిడ దగ్గర పనికి వెళ్తున్నాను. వస్తానని చెప్పేశాను. ఈ చట్రాలు మార్చింది అందుకే. నా పని తేలికవ్వాలని కాదు, నేను లేకపోయినా మీ పని ఆగకూడదని."

"తోసి వెళ్లు ముందు, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. అన్నయ్య ముందు అరవడం ఆయనకు నామోషీ. అత్తగారు అరుగు మీంచి, "ఇంతకు తెగిస్తావనుకోలేదు" అంది. అని, కిందికి జారిన కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని నొక్కుకుంది. 

ఆమె లోపలికి వెళ్లిపోయింది. వెనక కారు హారను మోగింది. కాసేపాగి మళ్లీ మోగింది. ఈసారి పొడుగ్గా. ఆమె మంచం మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. వెళ్లి తోసేస్తే పోతుంది కదా అని ఒక మనసు అంది. అలా పోయినవి ఎన్నని ఇంకో మనసు అడగలేదు, తెలుసు కాబట్టి. మూడోసారి హారను మోగబోయి ఆగింది. పెడలు టక్కుమంది. జాలీ మీద చక్రాలు గడగడమన్నాయి.

పొద్దున ఆమె గిన్నెలన్నీ తోమి బోర్లించింది. పాలు కాచి మూత పెట్టింది. వేలికి గుడ్డ కట్టుకుని, చెప్పులు తొడుక్కుంది. ఆయన రాత్రి నుంచి మాట్లాడలేదు. బావగారు ఆరోజు పెందలాడే బయల్దేరాడు. కారు వీధిలోకి వెళ్లే చప్పుడు వినపడింది. ఆమె వీధి తలుపు తీసి, మెట్లు దిగింది.

టంగ్, టంగ్.

కాళ్లు ఆగాయి. చాలా ఏళ్లు నేర్చుకున్న కాళ్లు, ఆగక ఏం చేస్తాయి? ఆమె వాటిని కాసేపు అలాగే నిలబడనిచ్చింది. వీధి చివర ఇంకా దుమ్ము లేవలేదు. ఆమె నడిచింది.

మలుపు దగ్గర, వెనక ఎక్కడో, మూడో దెబ్బ పడింది.